ముప్పయ్యారు పాయింట్ల గాలి

చింతగెడ్డ నుంచి కొండ మీది పైడిగుమ్మికి ఏడు కిలోమీటర్లు. మొదటి రెండూ తారురోడ్డు. మిగతా అయిదింటినీ దారి అని పిలిచినవాడు కాగితం మీద గీత గీసినవాడే అయ్యుండాలి, కాలు పెట్టినవాడు మాత్రం కాదు. వానాకాలం వచ్చిందంటే ఆ ఎర్రమట్టి మీద ఎండ్రకాయలు కూడా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయి. ఒకసారి ఓ మబ్బు కొండెక్కబోయి, జారి, కింద జీలుగుచెట్ల మధ్య పడి, లేవలేక రెండు రోజులు అక్కడే కురిసిందని చూసినవాళ్లు చెబుతారు. చూడనివాళ్లు మూడు రోజులంటారు.

ఆ దారిలో మోటారు సైకిలు మీద కోడిగుడ్లు మోయడం పాంగి గాసన్న ఉద్యోగం. బాలపోషణ ప్రాజెక్టువారి బండి, ప్రాజెక్టువారి గుడ్లు, గాసన్నవి మాత్రం నడుమూ మోకాళ్లూను. ప్రతి సోమవారం ఆరు అట్టలు, అంటే నూట ఎనభై గుడ్లు, గడ్డి పరిచిన రెండు పక్కపెట్టెల్లో సర్దుకుని బయలుదేరాలి. పైన అంగన్‌వాడీలో ఇరవై ఇద్దరు పిల్లలు పళ్లేలు పట్టుకుని కూర్చుంటారు. అక్కడి టీచరు చిలకమ్మ, గాసన్నకు సొంత అప్ప, అంటే అక్క. తల్లి పోయాక వాణ్ని పెంచింది ఆవిడే కాబట్టి తిట్టే హక్కు కూడా ఆవిడదే.

ఈ ప్రాజెక్టులో ఓ నిబంధన ఉంది. ఏ కేంద్రానికైనా మూడుసార్లు గుడ్లు పగిలి చేరితే, 'సదరు కేంద్రం గుడ్లకు అనుకూలం కాదు' అని తేల్చి, దాన్ని కింది ఊరి కేంద్రంలో కలిపేయాలి. అంటే పైడిగుమ్మి పిల్లలు గుడ్డు కోసం రోజూ ఏడు కిలోమీటర్లు దిగి, ఏడు ఎక్కాలి. చిలకమ్మ ఉద్యోగం ఎక్కడికీ దిగదు, ఎక్కదు, పోతుంది.

మొదటిసారి పగలడానికి కారణం వెనక టైరు. అది అరిగి అరిగి నున్నగా అద్దంలా తయారైంది. గాసన్న అందులో చూసుకుని తల దువ్వుకునేవాడు. అలాంటి టైరుతో జడివానలో బయలుదేరి, రెండో మలుపులో బండితో సహా ఓ అరటి తోటలోకి వెళ్లి వచ్చాడు.

చిలకమ్మ పెట్టె మూత తీసి చూసింది. "గుడ్లు తెమ్మంటే పులుసు తెచ్చినావేట్రా? ఉప్పూ కారం కూడా దార్లోనే ఏసీనేకపోయావా?"

"నానేటి సెయ్యనప్పా, టైరు జారిపోనాది."

"టైరు జారితే నువ్వేటి సేత్తన్నావు? దానెంట నువ్వూ జారినావా?"

మొదటిసారి పగిలినట్టు కాగితం పడింది. దాంతో పాటు ప్రాజెక్టు డిప్యూటీ డైరెక్టరు, అంటే డీడీ, విశ్వమోహన్ గారు 'వెనక టైరు ఎంపిక సంఘం' అని ఒకటి వేశారు.

సంఘం మీటింగు హాల్లో కూర్చుంది. ఎర్ర తివాచీ మీద ఏడు టైర్లు నిలబెట్టారు. వాటిని మోసుకొచ్చింది గాసన్నే కాబట్టి తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడు. ఏడింటిలో ఆఖరిది గుబ్బల టైరు. మొక్కజొన్న పొత్తుకు గింజల్లా ఒళ్లంతా పెద్ద పెద్ద గుబ్బలు. మట్టిలోకి దిగి, కరిచి పట్టుకుని, మళ్లీ మట్టిని విదిలించేసే రకం. దాన్ని చూడగానే గాసన్నకు నోరూరింది.

"ఈ గుబ్బల మధ్య చాలా ఖాళీ కనిపిస్తోంది. ఖాళీని కూడా మనం టైరుగా పరిగణించవచ్చునా?" అన్నాడు సూపరింటెండెంటు కామేశం.

"సమగ్ర దృక్పథంతో చూడాలి," అన్నారు డీడీ గారు. "ఆకారాన్ని బట్టి ఎంపిక చేస్తే అభిరుచి అంటారు. పేరును బట్టి ఎంపిక చేస్తే పక్షపాతం అంటారు. ఎవరూ వేలెత్తి చూపలేనిది ఒక్క బరువే. కాటా తెప్పించండి."

చింతపండు తూచే కాటా తెచ్చి ఏడు టైర్లనూ తూచారు. గుబ్బల టైరు అందరికంటే బరువు తూగింది. సంఘం చప్పట్లు కొట్టింది. కొండ పేరు గానీ, మట్టి పేరు గానీ, వాన పేరు గానీ ఆ హాల్లో ఎవరూ ఎత్తలేదు. అయినా సరైన టైరే వచ్చింది. గాసన్న వెనక్కి తిరిగి చూడకుండా దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తాడు, వీళ్లు మళ్లీ తూస్తారేమోనని.

కొండ మొదట్లో పంచరు గౌర్నాయుడి షాపు ఉంది. నాయుడు బొటనవేలితో నొక్కి ఏ టైరులో ఎంత గాలి ఉందో చెప్పేస్తాడు. ఒకసారి బస్సు కిటికీలోంచి చెయ్యి పెట్టి, లోపల కూర్చున్న పోలీసాయన పొట్ట నొక్కి "ముప్పై రెండు" అన్నాడని చెప్పుకుంటారు.

టైరు బిగించి గౌర్నాయుడు అన్నాడు, "ఒరే గాసీ, టైరు మంచిదైతే సాల్దు, గాలి తియ్యాల. ముప్పయ్యారు పెట్టినావనుకో, రాయైపోద్ది. రాయి మీద రాయి పడితే ఎగుర్తాది, మట్టిలో తిరిగిందే తిరుగుద్ది. పన్నెండుకి దించు. అప్పుడు టైరు మెత్తబడి నేల మీద పరుసుకుంటాది. పిల్లి అడుగేసినట్టు ఎల్తాది."

"ఇంకా తీసెత్తే ఇంకా మెత్తగుంటాది గదా?"

"అతి తెలివి పోకు. పన్నెండు కంటే దిగినావంటే రాయి తగిలి రిమ్ము సొట్టబోద్ది. టైరు రిమ్ము మీద తిరిగిపోయి ట్యూబు వాల్వు తెగకుండా లోపల బిగింపు కూడా ఏసినాను. మళ్లీ తార్రోడ్డు ఎక్కితే గాలి కొట్టించుకో. ఎల్లు."

ఆ సోమవారం గాసన్న కొండెక్కిన తీరు ఎక్కి చూస్తే తప్ప నమ్మరు. బండి ఎగరలేదు, దూకలేదు, రాళ్ల మీద పాకింది. పైకి చేరేసరికి నూట ఎనభైకి నూట ఎనభై. పెట్టెలో ఉన్న గుడ్లకు ప్రయాణం చేసినట్టే తెలియదు. నెల రోజులు ఒక్క గుడ్డుకు గీత పడలేదు.

ఆ సంతోషంలోనే కొంప మునిగింది. డీడీ గారు బండి పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, 'పగుళ్లు లేని నెల' అని రాజధానికి పంపారు. రాజధానిలో ఎవరో పెద్దాయన ఫోటో చూశాడు. గుడ్లు చూడలేదు, డీడీ గారిని చూడలేదు, వెనక టైరును చూశాడు. అది నేల మీద పరుచుకుని ఉంది. 'ప్రభుత్వ టైరు ఇంత నీరసంగా ఉండుటకు కారణమేమి?' అని అడిగాడు.

మూడో రోజుకల్లా డీడీ గారి ఉత్తర్వు గోడకెక్కింది. కామేశం దాన్ని మెట్ల మీద నిలబడి చదివి వినిపించాడు. "కుంగిన టైరు శాఖ ప్రతిష్ఠను కుంగదీయును. కావున ఇకమీదట కొండ, పల్లము, వాన, ఎండ అను భేదము లేక ప్రతి టైరునందును ముప్పది ఆరు పాయింట్ల గాలి ఉండవలెను. నిబంధన ఎదుట టైర్లన్నియు సమానము. గాలి తీయువారు ఉద్యోగమునుండి తీయబడుదురు." వాల్వు మూతకు లక్క సీలు కూడా వేశారు.

అలా సీలు వేసిన టైరుతో గాసన్న కొండెక్కాడు. దాన్ని ఎక్కడం అనకూడదు. ముప్పయ్యారు పాయింట్ల టైరు రాయిని ముట్టుకుంటే చాలు, బంతిలా లేచేది. మట్టిలో దిగితే ఉన్నచోటే గిర్రున తిరిగి గాసన్న వీపుకు గోడ కట్టేది. ఒకచోట బండి ఎంత ఎత్తు ఎగిరిందంటే, పైడిగుమ్మి పిల్లలు పై గట్టు అవతలి నుంచి చూసి, "మామ వత్తన్నాడు!" అని చేతులూపి, మళ్లీ కనబడకపోయేసరికి ఆటలో పడ్డారు.

నూట ఎనభైలో పదకొండు మిగిలాయి. ఆ పదకొండూ ఎలా మిగిలాయో గుడ్లు పెట్టిన కోళ్లకే తెలియాలి.

చిలకమ్మ ఈసారి తిట్టలేదు. పదకొండు గుడ్లు ఉడకబెట్టి, దారంతో సగానికి కోసి, ఇరవై రెండు పళ్లేల్లో సర్దింది. గాసన్నకు అదే భయం వేసింది. ఆవిడ తిట్టకపోతే విషయం చాలా దూరం వెళ్లినట్టు.

"రెండోది అయిపోనాది," అంది. "ఇంకోసారైతే నాను సెంటరుకి తాళమేసి సెవులు ఇచ్చీయాల. ఈ పిల్లగుంటలు కిందకి దిగలేరు తమ్ముడూ. ఆ సివరి సిన్నది సూడు, దాని కాలు ఎంతుంది?"

మర్నాడు గాసన్న డీడీ గారి గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాబూ, తార్రోడ్డు దిగినాక ఎనక టైర్లో గాలి కొంచెం తీసుకోనివ్వండి. మట్టిలో అంత గాలి పనికిరాదండి."

"గాలి తీయడమా?" డీడీ గారు కళ్లజోడు తీశారు. "ఆ గాలి నింపించింది ఎవరు?"

"తవరే బాబూ."

"డీడీ స్థాయి అధికారి నింపించిన గాలిని అంతకు తక్కువ స్థాయివారు తీయవచ్చునని ఏ నిబంధనలో ఉంది?"

"పోనీ తవరే తీసీండి."

"నేను నింపించినది నేనే తీస్తే, నింపించడం పొరపాటని ఒప్పుకున్నట్టు కాదూ? అది సరే, ఇంతగా అడుగుతున్నావంటే ఈపాటికే తీసి ఉంటావని నా అనుమానం. పద, తనిఖీ!"

కిందికి దిగి, సీలు పగలగొట్టి, డీడీ గారు ఆఫీసు గాలి మీటరు వాల్వుకు పెట్టి నొక్కారు. ఫుస్స్ అంది. "ముప్పయ్యారు. భేష్."

కామేశం కూడా తన వంతుగా నొక్కాడు. ఫుస్స్. "ముప్పయ్ అయి..." అన్నాడు. డీడీ గారు తల తిప్పి చూశారు. "...ముప్పయ్యారేనండి."

"నేను చూసిన తరువాత తేడా రావడానికి అవకాశం లేదు కదా?"

"ఎలా వస్తుందండీ! నా కళ్లలో ఏదో పడింది."

మళ్లీ సీలు పడింది. కానీ గాసన్న చెవిలో ఆ రెండు ఫుస్సులూ ఉండిపోయాయి. తిన్నగా గౌర్నాయుడి దగ్గరికి బండి తోలుకుపోయి చెప్పాడు. నాయుడు బొటనవేలితో టైరు నొక్కి చూసి, నోట్లోని చుట్ట తీశాడు.

"ముప్పై నాలుగు. ఆ ఆపీసు మీటరు మూతి అరిగిపోనాది గాసీ. నొక్కినప్పుడల్లా ఒక పాయింటు పక్కనుంచి పోతంది. ఆపీసులో ఎంతమందున్నారు?"

"వాచ్‌మేనుతో కలిపి ఇరవై మూడుమంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ టైరు మొహం చూశారు.

అర్జీ రాసింది చిలకమ్మ. తమ్ముడు చెప్పింది విని ముందు నెత్తి మీద ఒకటి మొట్టి, తర్వాత నవ్వి, తర్వాత కలం పట్టుకుంది. 'అయ్యా, నా తమ్ముడు దొంగతనంగా గాలి తీస్తున్నాడేమోనని తమకు అనుమానం. వాడి నిజాయితీని ఆఫీసులోని ప్రతి ఒక్కరూ స్వయంగా కొలిచి, సంతకం చేసి, ఆ మీదటే బండిని కొండకు పంపవలెనని ప్రార్థన.'

డీడీ గారు చదివి కదిలిపోయారు. "చూశావా కామేశం, కింది స్థాయి ఉద్యోగులు తమంతట తామే తనిఖీ కోరుతున్నారు! నా సర్వీసులో ఇది ప్రథమం. సోమవారం సామూహిక తనిఖీ పెట్టు."

సోమవారం పొద్దున్నే గౌర్నాయుడే స్వయంగా ముప్పయ్యారు కొట్టాడు. ఆఫీసు ముందు షామియానా వేశారు. డీడీ గారు మొదట నొక్కి, "ముప్పయ్యారు" అని ప్రకటించి, కుర్చీలో కూర్చున్నారు. తర్వాత కామేశం. తర్వాత గుడ్ల సెక్షను, పాల సెక్షను, బెల్లం సెక్షను. ఒక్కొక్కరూ చేతులు కడుక్కుని వచ్చి, వంగి, ఫుస్స్‌మనిపించి, మీటరు వంక చూసి, పై అధికారి సంతకం వంక చూసి, "ముప్పయ్యారు" అని రాశారు. ముప్పైయే కనిపించినవాడూ అదే రాశాడు, ఇరవై రెండు కనిపించినవాడూ అదే రాశాడు. బెల్లం సెక్షను ఆయన ఒక్కడు కాస్త తటపటాయించి, "ఎవరైనా ఓసారి గాలి కొడితే..." అన్నాడు.

"నిండుగా ఉందని డీడీ గారు ధ్రువీకరించిన టైరుకు మళ్లీ గాలా?" అన్నాడు కామేశం. "అంటే మీ ఉద్దేశం?" బెల్లం సెక్షనుకు ఏ ఉద్దేశమూ లేదు. సంతకం పెట్టేశాడు.

గాసన్న వేళ్లు మడుస్తూ నిలబడ్డాడు. గౌర్నాయుడు గాలి పంపు మీద కూర్చుని గొప్పలు చెబుతూ, మధ్యమధ్య లేచొచ్చి టైరు మీద చెయ్యి వేసి పోతున్నాడు. వాచ్‌మేను నొక్కేసరికి ఇరవై ముగ్గురూ పూర్తి. నాయుడు చెవిలో చెప్పాడు, "పదమూడు. ఇంకొక్కటి."

అప్పుడు వచ్చింది గండం. పక్కనున్న పశువైద్యశాల నుంచి ఎనిమిదిమంది, షామియానా చూసి, "మేమూ సహకరిస్తాం," అంటూ చేతులు తుడుచుకుంటూ బయలుదేరారు. ఎనిమిది ఫుస్సులంటే అయిదే మిగులుతుంది. మొదటి రాయికే రిమ్ము, రెండో రాయికి గుడ్లు, మూడో రాయికి అప్ప ఉద్యోగం.

గౌర్నాయుడు డీడీ గారి కుర్చీ దగ్గరికి పోయి, ఎంతో వినయంగా అడిగాడు. "బాబూ, నాకు తెలీకడుగుతాను. మొదలెట్టిందీ తవరే, ముగించాల్సిందీ తవరే గదండీ? తవరు ముగించినాక ఇంకోలు కొలిత్తే, టైర్ని కొలిసినట్టా, తవర్ని కొలిసినట్టా?"

డీడీ గారు ఒక్క ఉదుటున లేచారు. పశువుల డాక్టర్లను చేత్తో ఆపి, మీటరు అందుకుని, నొక్కారు. ఫుస్స్.

మీటరు పదమూడు చూపించింది.

డీడీ గారు వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. మీటరు వంక చూశారు. రిజిస్టరు వంక చూశారు. అందులో ఇరవై మూడు సంతకాలు, ఇరవై మూడు ముప్పయ్యారులు, అన్నిటికంటే పైన తనది, పచ్చ సిరాతో.

"ముప్పయ్యారు," అన్నారు డీడీ గారు. "సీలు వేయండి. నా తరువాత ఎవరూ ముట్టరాదు."

ఆ రోజు నూట ఎనభైకి నూట ఎనభై చేరాయి. చిలకమ్మ రెండుసార్లు లెక్కపెట్టి, "ఈ గుడ్లు నిజమైనయేనా, రాళ్లేటైనా తెచ్చినావా?" అంది. తర్వాత ప్రతి సోమవారమూ షామియానా పడింది. ప్రతి సోమవారమూ గుడ్లు చేరాయి.

కానీ పైడిగుమ్మి కేంద్రం సంగతి ఇంకా తేలలేదు. రెండుసార్లు పగిలి, మూడోసారి పగలకపోతే ఏం చేయాలో నిబంధనలో లేదు. అందుకని డీడీ గారే గుడ్లతో పాటు స్వయంగా కొండెక్కి, అవి ఏ స్థితిలో చేరతాయో కళ్లారా చూసి, కేంద్రం ఉండాలో కలిపేయాలో తేల్చాలని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. తేదీ కూడా వాళ్లే వేశారు. కేలండరు చూడకుండా వేశారు కాబట్టి అది ఆదివారం అయింది.

ఆదివారం ఆఫీసులో పురుగు లేదు. గౌర్నాయుడు పెళ్లికి పోయాడు. టైరులో నికరంగా ముప్పయ్యారు పాయింట్ల గాలి ఉంది. డీడీ గారు ఒక్కరే ఒక్కసారి నొక్కి, మీటరు జేబులో పెట్టుకుని, సీలు మిగతా తనిఖీలయ్యాక వేయాలి కాబట్టి వేయకుండా, వెనక కూర్చున్నారు.

"మిగతావోలు బాబూ?" అన్నాడు గాసన్న ఆశగా.

"సెలవు రోజున సంతకాలు చెల్లవు. పోనీ."

తారురోడ్డు మీద డీడీ గారు పాట కూడా అందుకున్నారు. మట్టి మొదలైంది. మొదటి రాయికి పాట ఆగింది. రెండో రాయికి కళ్లజోడు ముక్కు దాటి గడ్డానికి వచ్చింది. మూడోది రాయి కాదు, ఏటవాలు బురద. వెనక టైరు ఉన్నచోటే గిర్రున తిరిగింది. గాసన్న రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, ప్రాణం బిగబట్టి, బండినీ గుడ్లనూ పడకుండా ఆపాడు. వెనక బరువు తగ్గినట్టు అనిపించి తిరిగి చూశాడు. డీడీ గారు పది గజాల కింద బురదలో కూర్చుని ఉన్నారు. టైరు విసిరిన మట్టంతా ఆయన మీదే ఉంది. కళ్లజోడు ఎక్కడుందో ఆకారాన్ని బట్టి ఊహించుకోవాలి.

ఆయన మెల్లగా లేచి, కళ్లజోడు తుడుచుకుని, ముందు పైకి చూశారు, తర్వాత కిందికి చూశారు. మనిషన్నవాడు లేడు. జేబులోంచి గాలి మీటరు తీశారు.

"గాసన్నా."

"బాబూ."

"నాకు అనుమానంగా ఉంది. మరొకసారి తనిఖీ చేద్దాం."

బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని నొక్కారు. ఫుస్స్. "ముప్పయ్యారు," అన్నారు. మళ్లీ నొక్కారు. "ముప్పయ్యారు." చెట్ల మీద వాన చినుకులు జారుతున్నాయి. గాసన్న హ్యాండిలు పట్టుకుని, మొహం అవతలికి తిప్పుకుని, వేళ్లు మడుస్తున్నాడు. డీడీ గారు ఎక్కడా తొందరపడలేదు. ఒక్కొక్క తనిఖీకి ఒక్కొక్క సెక్షను తరఫున వంగినట్టు వంగారు. కాసేపటికి చెమట తుడుచుకుని అడిగారు, "తనిఖీ సమగ్రంగా జరిగిందంటావా?"

గాసన్న గౌర్నాయుడిలాగే బొటనవేలితో టైరు నొక్కి చూశాడు. "ఇంకో రెండు సంతకాలు పడాల బాబూ."

డీడీ గారు రెండుసార్లు నొక్కారు. "ముప్పయ్యారే," అన్నారు.

"అక్షరాలా ముప్పయ్యారేనండి," అని గాసన్న కిక్కు కొట్టాడు.

బండి పిల్లిలా నడిచింది. పైడిగుమ్మిలో చిలకమ్మ పెట్టెలు విప్పి, అట్ట తర్వాత అట్ట లెక్కపెట్టి, నూట ఎనభై తేల్చి, అప్పుడు వెనకాల నిలబడ్డ మట్టి ఆకారాన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"గుడ్లు బాగానే తెచ్చినావు గానీ, సారుని పగలగొట్టీసినావేట్రా?"

పిల్లలు గొల్లుమన్నారు. చివరన కూర్చున్న చిన్నది లేచి వచ్చి, తన పళ్లెంలోని గుడ్డు డీడీ గారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కాసేపు ఎటూ తోచక పట్టుకుని, తిరిగి దాని పళ్లెంలోనే పెట్టి, గుమ్మంలో కూర్చుని కాగితం తీశారు. పచ్చ సిరాతో రాశారు, 'సదరు కేంద్రం గుడ్లకు అనుకూలం.' కింద సంతకం పెట్టారు. ఆ కింద 'వెనక టైరులో గాలి' అని ఒక గడి ఉంది. అందులో ఏం రాశారో మీకు నేను చెప్పాలా?